చెరకు పిప్పిలో చిక్కిన చక్కెర

అంబత్తూరు ఓ.టి. బస్సు నిలయము వద్ద ఎండాకాలమున నిలిచిన వారికి చెరకురసపు బండ్లు కొత్త కావు. గడ యంత్రములో ఒకమారు దూరును. మడచి రెండవమారు దూర్తురు. మూడవమారు నడుమ నిమ్మచెక్కయు అల్లపు ముక్కయు పెట్టి నలుపుదురు. రసము గ్లాసులోనికి పోవును, పిప్పి గోతాములోనికి పోవును. సాయంకాలమునకు బండి ప్రక్కన పిప్పి కుప్పగా పేరుకొనును. బడి విడిచిన పిమ్మట తల్లిదండ్రుల చేయి పట్టుకొని వచ్చు పిల్లలలో ఎవరో ఒకరు ఆ కుప్పను చూపి, "ఇదంతయు ఏమగును? ఇందులో ఇంక తీపి లేదా?" యని అడుగుచుందురు.

"లేదు, పారవేయుదురు" అని బదులు చెప్పి మనము బస్సు ఎక్కుదుము. ఆ బదులు సరియైనది కాదు. వంద కిలోల చెరకునుండి రసముతో పోవు చక్కెర రమారమి పన్నెండు కిలోలైనచో, పిప్పిలో బంధింపబడి మిగులు చక్కెర ఎనిమిది కిలోలకు తక్కువ కాదు. అయితే అది నాలుకకు తగులు చక్కెర కాదు. పోగులుగ పేనబడి, బంకతో అతుకబడి, గోడవలె కట్టబడిన చక్కెర. ఆ గోడను పగులగొట్టి, వచ్చిన చక్కెరను ఈస్టు వంటి సూక్ష్మజీవులకు మేపినచో ఇంధనమును, ఔషధములకును ఆహారమునకును పనికివచ్చు రసాయనములను పొందవచ్చునని శాస్త్రజ్ఞులు నూరేండ్లకు పైగా ఎరుగుదురు.

ఎరిగియు, ఆ పని చౌకగా, విరివిగా సాగకుండుటకు గల కారణములలో ముఖ్యమైన దానిని గూర్చి తల్లిదండ్రులకు ఈ వ్యాసమున తెలుపదలచితిమి. ఆ కారణము ఇది: గోడను పగులగొట్టు దెబ్బకే చక్కెరలో కొంత విషముగ మారును. ఆ విషము సూక్ష్మజీవిని పని చేయనీయదు. ఇట్టి పదార్థములకే నిరోధకములని పేరు.

పిప్పి అనగా నేమి?

తడియారిన పిప్పిని పరిశీలించినచో అందు నూటికి రమారమి 40 పాళ్లు సెల్యులోజు, 25 పాళ్లకు మించి హెమిసెల్యులోజు, 20 పాళ్ల వరకు లిగ్నిను, తక్కినది బూడిద మొదలగునవి ఉండును. వరిగడ్డి, జొన్నచొప్ప, మొక్కజొన్న బెండ్లు, వెదురు మొదలగునవన్నియు ఈ మూడింటి కూర్పే. పాళ్లు మాత్రము మారును.

గ్లూకోజు అను చక్కెర అణువులు వేలకొలది ఒకదానికొకటి తగుల్కొని ఏర్పడిన పొడవైన పోగు సెల్యులోజు. మనము కట్టు నూలుబట్ట దాదాపు శుద్ధమైన సెల్యులోజే. ఆ పోగులను చుట్టుకొనియుండు పొట్టి గొలుసులు హెమిసెల్యులోజు. అందు జైలోజు అను మరియొక చక్కెర ముఖ్యము. లిగ్నిను చక్కెర కాదు. పోగులను పట్టి నిలుపు గట్టి బంక. ఎండకు, వానకు, పురుగునకు లొంగక మొక్క నిలుచుటకే ప్రకృతి ఈ గోడను కట్టినది గాని మనకు చక్కెర ఇచ్చుటకు కాదు.

1819లో ఫ్రాన్సు దేశపు రసాయన శాస్త్రజ్ఞుడు ఆన్రీ బ్రాకన్నో పాత నారబట్ట పేలికలను గంధకామ్లముతో విడగొట్టి, వానినుండి చక్కెరను రాబట్టెను. నేడు సామాన్యముగ అనుసరించు పద్ధతి రెండంచెలది. మొదట పిప్పిని నూటికి ఒక పాలు గంధకామ్లము కలిసిన నీటిలో, మూత బిగించిన పాత్రయందు, 120 మొదలు 180 డిగ్రీల సెంటిగ్రేడు వేడిలో ఉడికింతురు. అప్పుడు హెమిసెల్యులోజు విడిపోయి జైలోజు నీటిలోనికి దిగును. మిగిలిన సెల్యులోజును పిమ్మట ఎంజైములచే గ్లూకోజుగ విడగొట్టుదురు. ఈ ఎంజైములనిచ్చు వానిలో ప్రసిద్ధమైనది ట్రైకోడెర్మా అను బూజు. రెండవ ప్రపంచ యుద్ధకాలమున పసిఫిక్ మహాసముద్రమందలి సాలమన్ దీవులలో అమెరికా సైన్యపు నూలు గుడారములను అది తినివేయగా, దాని సంగతి లోకమునకు తెలిసినది. గుడారమును తినగలది పిప్పిని తినలేదా యని దానిని పెంచి వాడుకొనుచున్నారు.

ఇంతవరకు కథ సుఖముగ నడచినది. ఉడికిన పిప్పినుండి వడకట్టిన రసమున చక్కెర ఉన్నదని పరీక్షలు చెప్పును. అందు ఈస్టు వేయుదురు. శుద్ధమైన చక్కెర నీటిలో కొలది గంటలకే నురుగు కట్టు ఈస్టు ఇచ్చట పూటలు గడచినను కదలదు. ఆకలిగొన్న వానికి విస్తరి నిండ వడ్డించితిమి. వాడు చేయి కలుపుట లేదు. ఏల?

ఆవకాయ జాడీ చెప్పు పాఠము

ఈ ప్రశ్నకు బదులు మన వంటింటి అటకమీదనే కలదు. మామిడికాయ ముక్కను ఊరక గిన్నెలో ఉంచినచో కొన్నాళ్లకే బూజు పట్టును. అదే ముక్క ఆవకాయ జాడీలో ఏడాది నిలుచును. జాడీలో సూక్ష్మజీవులకు తిండి లేక కాదు. ఉప్పు, ఆవపిండి ఘాటు, కాయ పులుపు, పైన తేలు నూనె కలిసి వానిని అడ్డుచున్నవి. తడిగరిటె తగిలినచోట ఉప్పు పలుచనై బూజు లేచునని యెరిగియే మన పెద్దవారు పిల్లలను జాడీ దరికి రానీయరు.

ఇట్టివే మరి రెండు. పొగవేసిన చేప చెడకుండుటకు కట్టెపొగలోని ఫీనాలులను పదార్థములు ఒక కారణము. అవి కట్టెలోని లిగ్నిను కాలుటవలన పుట్టినవి. వినెగరులో వేసిన ఉల్లిముక్కలు నిలుచుటకు అందలి ఎసిటిక్ ఆమ్లము కారణము. పొగలోని ఫీనాలుల దాయాదులును, వినెగరులోని ఆ ఆమ్లమే యును ఉడికించిన పిప్పిరసములో నిజముగనే ఉండును. ఊరగాయలో మనము కోరి తెచ్చుకొను అడ్డంకి పిప్పిరసములో కోరకయే వచ్చి చేరుచున్నది. వంటింట అది రక్షణ. కర్మాగారమున అది విఘ్నము.

మూడు తెగల నిరోధకములు

మొదటి తెగ ఆమ్లములు. హెమిసెల్యులోజు గొలుసునకు అక్కడక్కడ ఎసిటైలు అను గుత్తులు తగిలియుండును. ఉడికించునప్పుడు అవి ఊడి ఎసిటిక్ ఆమ్లమగును. రసము పులుపు హెచ్చుగ నున్నప్పుడు ఈ ఆమ్లపు అణువు విడిపోక, ఈస్టు కణపు పొరను సులువుగ దాటి లోనికి పోవును. కణము లోపల పులుపు తక్కువ. కావున అచ్చట అది రెండుగ విడి హైడ్రోజను అయానును వదలును. లోపల పులుపు పెరిగినచో కణము బ్రతుకజాలదు. అందుచే తాను సంపాదించిన శక్తిని ఆ అయానులను బయటికి తోడిపోయుటకే వెచ్చించును. చిల్లుపడిన పడవలో నీరు తోడువాడు తెడ్డు వేయగలడా? ఈస్టు గతియు అంతే.

రెండవ తెగ ఫ్యూరానులు. ఇవి చక్కెరనుండియే పుట్టునవి. అనకాపల్లి బెల్లము పేరు వినని తెలుగువారుండరు. 1913లోనే అచ్చట చెరకు పరిశోధనాకేంద్రము నెలకొన్నది. బెల్లపు పెనము వద్ద నిలిచిన రైతునకు ఒక సంగతి తెలియును: మంట అదుపు తప్పినచో పాకము మాడి బెల్లము నల్లబడును, చేదెక్కును. ఆ నల్లబడుటలో జరుగు మార్పులలో ఒకటి చక్కెర అణువునుండి నీరు ఊడిపోయి హైడ్రాక్సీమిథైల్ ఫర్‌ఫ్యూరాలు అను పదార్థమగుట. పిప్పి ఉడుకు పాత్రలో గ్లూకోజు ఇట్లే మారును. జైలోజు మారి ఫర్‌ఫ్యూరాలగును. ఇంకను కాచినచో మొదటి పదార్థము పగిలి ఫార్మిక్ ఆమ్లమును, లెవ్యులినిక్ ఆమ్లమును ఇచ్చును. ఫార్మిక్ ఆమ్లమనగా కొన్ని జాతుల చీమలు చిమ్ము మంట పుట్టించు ఆమ్లమే.

ఫర్‌ఫ్యూరాలు ఎదురైనప్పుడు ఈస్టు ఊరకుండదు. దానిని హాని తక్కువైన ఒక ఆల్కహాలుగ మార్చుటకు పూనుకొనును. కాని ఆ పని ముగియువరకు తన పెరుగుదలను ఆపుకొనును. గంటలకొలది నురుగు లేని ఆ నిశ్శబ్దమునకు అర్థమిదియే. ఫర్‌ఫ్యూరాలు మితముగ నున్నచో ఆలస్యముతో గండము గడచును. మితిమీరినచో ఈస్టు ఆ నిశ్శబ్దమునుండి లేవదు.

మూడవ తెగ ఫీనాలులు. లిగ్నిను పగిలిన ముక్కలివి. ఐస్‌క్రీములో మన పిల్లలు ఇష్టపడు వెనిలా వాసనకు మూలమైన వెనిలిను వీనిలో ఒకటి. మనకు ఇంపైన ఆ వాసన ఈస్టునకు హాని. ఫీనాలులు కణపు పొరను చెరచి లోపలి పదార్థములు బయటికి కారునట్లు చేయును. ఇంతేకాక, సెల్యులోజును విడగొట్టు ఎంజైములను గూడ మందగింపజేయును.

వీనిలో ఏదియైనను కొలదిగా, ఒంటరిగా వచ్చినచో ఈస్టు ఓర్చుకొనగలదు. కూడి వచ్చినప్పుడు కలుగు హాని మాత్రము విడివిడి హానుల మొత్తమును మించును. ఆమ్లముతో పెనుగులాడి అలసిన కణమునకు ఫర్‌ఫ్యూరాలును మార్చు శక్తి మిగులదు గదా!

చిక్కంతయు ఇచ్చటనే కలదు. మెల్లగ ఉడికించినచో గోడ పగులదు, చక్కెర చాలదు. తీవ్రముగ ఉడికించినచో చక్కెర వచ్చును, వచ్చిన చక్కెరయే విషమగును. పప్పు ఉడుకు చాలనిచో పలుకుగ నుండును, మించినచో అడుగంటును. ఆ నడుమ నున్న సన్నని దారియే ఈ శాస్త్రమంతయు వెదకుచున్న దారి.

సున్నము, బొగ్గు, పుట్టగొడుగు

రసమును శుద్ధిచేయు ఉపాయములలో మిక్కిలి పాతది సున్నము. బెల్లము వండువారు చెరకురసపు మడ్డిని విరుచుటకు సున్నపుతేట చల్లుట మనము ఎరిగినదే. 1945లో అమెరికాలో లెనార్డ్, హాజ్నీ అను పరిశోధకులు కట్టెనుండి తీసిన చక్కెర రసమున సున్నము హెచ్చుగ వేసి, పులుపు పూర్తిగా విరిగి క్షారగుణము వచ్చువరకు ఉంచి, తిరిగి ఈస్టునకు తగినంత పులుపునకు తెచ్చినచో కిణ్వనము బాగుగ సాగునని చూపిరి. ఈ పద్ధతి నేటికిని వాడుకలో కలదు. సున్నపు క్షారమునకు ఫ్యూరానులలో కొంత భాగము నశించును. ఫీనాలుల బాధ తగ్గును. కాని నష్టములు లేకపోలేదు. చక్కెరలో కొంత అదే క్షారమునకు బలియగును. గంధకామ్లముతో సున్నము కలిసి జిప్సము మడ్డిగ దిగును. దానిని వడకట్టి ఎచ్చట పోయవలెనను చింత మిగులును. పైగా ఎసిటిక్ ఆమ్లము సున్నముతో కలిసి లవణమై నీటిలోనే ఉండిపోవును గాని తొలగిపోదు.

రెండవ ఉపాయము బొగ్గు. ఇంటి మంచినీటి వడపోత యంత్రములో నుండు ఉత్తేజిత బొగ్గే ఇది. ఫీనాలులను, ఫ్యూరానులను తన రంధ్రములలో పట్టుకొనును. మూడవది అయాను మార్పిడి రెసిను. గట్టినీటిని మెత్తబరచు యంత్రములు ఇంట పెట్టుకొన్నవారు దీనిని ఎరుగుదురు. ఆమ్లములను పట్టుటకు ఇది మంచిది, వెల హెచ్చు. నాలుగవది లాకేసు అను ఎంజైము. కట్టెను తెల్లగ కుళ్లజేయు పుట్టగొడుగు జాతులు దీనిని పుట్టించును. లిగ్నినును తినుట వాని వృత్తి కావున, ఫీనాలులను అవి సులువుగ నశింపజేయును. చక్కెర జోలికి ఆ ఎంజైము పోదు. కాని ఆమ్లములకు ఇది మందు కాదు.

ఒక్కొక్క మందు ఒక్కొక్క రోగమునకే పనికివచ్చుచున్నది. అన్ని మందులును వాడినచో ఖర్చు చక్కెర వెలను మించును. పిప్పి చౌకయని మొదలుపెట్టిన పని, శుద్ధి పేరిట ఖరీదై కూర్చుండును. కావున, రసమును మార్చుటకు బదులు దానిని తిను సూక్ష్మజీవినే మార్చరాదా యను ఆలోచన పుట్టినది.

హైదరాబాదులో జరిగిన పని

ఈ ఆలోచనకు చక్కని నిదర్శనము తెలుగుగడ్డమీదనే కలదు. హైదరాబాదులోని భారతీయ రసాయన సాంకేతిక సంస్థ 1944లో నిజాము రాష్ట్రపు పరిశోధనశాలగ పుట్టి, 1956లో కేంద్ర శాస్త్ర పారిశ్రామిక పరిశోధన మండలి క్రిందికి వచ్చి, 1989లో ఇప్పటి పేరు పొందినది. ఆ సంస్థ పరిశోధకులును, ఉస్మానియా విశ్వవిద్యాలయపు వారును కలిసి చెరకు పిప్పినుండియు, మొక్కజొన్న పీచునుండియు జైలిటాలు అను పదార్థమును తీయుటకు ప్రయత్నించి, తమ ఫలితములను 2006లో ప్రకటించిరి.

జైలిటాలు అనగా జైలోజునుండి వచ్చు తీపి. చక్కెరతో సమానమైన తీపి గలది. శక్తి చక్కెరలో కంటె సుమారు ఐదింట రెండు వంతులు తక్కువ. రక్తములో గ్లూకోజును చక్కెరవలె పెంచదు; పండ్లను పుచ్చజేయు సూక్ష్మజీవులకు ఆహారము కాదు. అందుచే నమలు బంకలలోను, దంతధావన లేపనములలోను వాడుచున్నారు. మధుమేహము లేని ఇల్లు అరుదైన ఈ దినములలో దీని ఉపయోగమును మేము విప్పి చెప్పనక్కరలేదు. రొట్టెల ఈస్టు జైలోజును ముట్టదు. కావున వారు కాండిడా ట్రాపికాలిస్ అను మరియొక జాతి ఈస్టును ఎన్నుకొనిరి.

మొదట రసమును సమస్థితికి తెచ్చి, బొగ్గుతోను రెసినుతోను శుద్ధిచేసి ఈస్టును వేసిరి. ఐనను ఫలము స్వల్పమే. ఈస్టు వాడుకొన్న ప్రతి గ్రాము జైలోజునకు మొక్కజొన్న పీచు రసములో 0.43 గ్రాము, పిప్పిరసములో 0.45 గ్రాము జైలిటాలు వచ్చినది. సిద్ధాంతరీత్యా రావలసినది 0.9 గ్రామునకు పైమాట. శుద్ధి పిమ్మటను మిగిలిన నిరోధకములే ఇందుకు ముఖ్య కారణమని వారు గుర్తించిరి.

అప్పుడు వారు చేసినది సాదాపని. ఈస్టును ఆ రసములోనే పెంచి, పెరిగినదానిలో కొంత తీసి తిరిగి క్రొత్త రసములో వేసి, మరల పెరిగినదానిని మరల వేసి, ఇట్లు 25 మారులు చేసిరి. ప్రతిమారును ఓర్చుకొనలేనివి వెనుకబడినవి. ఓర్చుకొనగలవి మిగిలి వృద్ధిపొందినవి. ఇట్లు అలవాటుపడిన ఈస్టుతో మొక్కజొన్న పీచు రసములో 0.58 గ్రాము, పిప్పిరసములో 0.65 గ్రాము జైలిటాలు వచ్చినది. క్రొత్త మందు లేదు, విలువైన యంత్రము లేదు. ఓర్పుతో చేసిన అభ్యాసము మాత్రము కలదు.

ఇంతటితో సమస్య తీరినదని చెప్పుట తగదు. 0.65కును 0.9కును నడుమ ఇంకను దూరము కలదు. గాజుకుప్పెలో సాగిన పని వేల లీటర్ల తొట్టిలో సాగునను హామీ లేదు. అలవాటుపడిన ఈస్టు మంచి రసములో కొన్ని తరములు పెరిగినచో ఆ ఓర్పును మరచిపోవుటయు కలదు. కాని దారి ఎటున్నదో ఆ ప్రయోగము చూపినది. నేడు లోకమున అనేక పరిశోధనశాలలలో ఈ అలవాటు పద్ధతియు, ఈస్టు జన్యువులను మార్చి దానికి ఓర్పు కలిగించు పద్ధతియు జోడుగ నడచుచున్నవి.

విషమే సరుకైన తీరు

ఇదంతయు మనకేల యని కొందరు అడుగవచ్చును. మన దేశము 2025లో పెట్రోలునందు నూటికి 20 పాళ్లు ఇథనాలు కలుపు స్థితికి చేరినది. ఆ ఇథనాలులో హెచ్చుభాగము చెరకురసము, మొలాసిస్, మొక్కజొన్న, బియ్యము వంటి వానినుండియే వచ్చుచున్నది. అనగా బండి తాగునదియు మనిషి తినునదియు ఒకే పొలమునుండి రావలసియున్నది. గడ్డినుండియు పిప్పినుండియు ఇథనాలు తీయగలిగినచో ఈ పోటీ తగ్గును. ఉత్తరదేశమున ఏటేట కోతలైన పిమ్మట పొలములలో కాల్చు వరికొయ్యల పొగయు తగ్గును.

ఆ ఉద్దేశముతోనే హర్యానాలోని పానిపట్టు వద్ద ఇండియన్ ఆయిల్ సంస్థవారి కర్మాగారము 2022 ఆగస్టు 10న ప్రారంభమైనది. ఏటా 2 లక్షల టన్నుల వరిగడ్డినుండి 3 కోట్ల లీటర్ల ఇథనాలు తీయుట దాని లక్ష్యము. అస్సాములోని నుమాలిగఢ్‌లో వెదురునుండి ఇథనాలు తీయు కర్మాగారము 2025 సెప్టెంబరులో ప్రారంభమైనది. అచ్చట ఇథనాలుతోబాటు ఫర్‌ఫ్యూరాలును, ఎసిటిక్ ఆమ్లమును గూడ వేరుచేసి అమ్ముటకు ఏర్పాటున్నది. ఈస్టునకు విషమైనవే మనిషికి సరుకులైనవి!

ఇది వింత కాదు. 1922లో అమెరికాలో క్వేకర్ ఓట్స్ కంపెనీవారు ఓట్ల పొట్టునుండి ఫర్‌ఫ్యూరాలును తీసి అమ్మ మొదలిడిరి. నేడును నూనెల శుద్ధికి, రెసినుల తయారీకి అది కావలెను. అంబత్తూరు పారిశ్రామికవాడలో పోతపని ఎరిగిన తండ్రులు మన చదువరులలో ఉండవచ్చును. పోత అచ్చులలో ఇసుకను గట్టిపరచు ఫ్యూరాను రెసిను వారికి తెలిసినదే. దాని పుట్టుక పొట్టులోను, పిప్పిలోను, మొక్కజొన్న బెండ్లలోను కలదు.

ఒక సంగతి మరువరాదు. పిప్పియైనను గడ్డియైనను యజమాని లేని వస్తువు కాదు. చక్కెర మిల్లులు పిప్పిని కొలిమిలో వేసి ఆవిరిని, విద్యుత్తును పుట్టించుకొనుచున్నవి. 1979లో స్థాపితమైన తమిళనాడు న్యూస్‌ప్రింట్ కాగితముల సంస్థవారు కరూరు సమీపమున పిప్పినుండి కాగితమును చేయుచున్నారు. తెలుగు పల్లెలలో వరిగడ్డి పశువుల నోటి మేత. కావున క్రొత్త పని ఈ పాత పనులకంటె మేలైన ఫలమునిచ్చిననే నిలుచును. నిరోధకముల వలన పోవు ప్రతి గ్రాము చక్కెరయు ఆ లెక్కలో నష్టపు పద్దుననే పడును.

ఇంట చేసి చూడదగిన పరీక్ష

పెద్దల ఎదుట పిల్లలు చేయదగిన చిన్న పరీక్షతో ఈ సంగతిని కంటికి చూపవచ్చును. మూడు పెద్ద గాజుగ్లాసులు తీసుకొనుడు. ఒక్కొక్కదానిలో చెంచాడు చక్కెర వేయుడు. మొదటిదానిలో సగమునకు పైగా గోరువెచ్చని నీరు పోయుడు. రెండవదానిలోను మూడవదానిలోను అంతే నీటిలో మూడేసి పెద్దచెంచాల తెల్ల వినెగరు కలుపుడు. మూడవదానిలో మాత్రము వంటసోడాను చిటికెడు చిటికెడుగ, బుసబుస ఆగువరకు వేసి, నురుగు పూర్తిగ అణగువరకు వేచియుండుడు. ఇప్పుడు మూడింటను అరచెంచా చొప్పున రొట్టెల ఈస్టును వేసి కలిపి, పైన పలుచని గుడ్డ కప్పి వెచ్చనిచోట ఉంచుడు. బిగుతైన మూత పెట్టరాదు. లోన పుట్టు వాయువు గాజును పగులగొట్టవచ్చును. గ్లాసులలోనిది త్రాగరాదు.

గంట రెండు గంటలలో మొదటి గ్లాసు నురుగు కట్టును. రెండవది నిశ్చలముగ నుండును. మూడవది, కొంత ఆలస్యముగనైనను, నురుగు పట్టును. రెండవ, మూడవ గ్లాసులలో పోసిన వినెగరు ఒకటే. మూడవదానిలో సోడా పులుపును విరిచినది. విరిగిన ఆమ్లము ఈస్టు కణములోనికి మునుపటివలె దూరలేకపోయినది. సున్నము వేసి పిప్పిరసపు పులుపును విరుచు కర్మాగారమున జరుగునదియు ఇదియే. మూడు గ్లాసులలోని తేడాను చూచిన పిల్లవానికి నిరోధకమను మాటకు నిర్వచనము వల్లె వేయించనక్కరలేదు.

మా మనవి ఒక్కటే. ఈ శాస్త్రపు పేరులు గ్రంథములలో కఠినముగ కనబడును. వాని వెనుకనున్న సంగతులు మాత్రము మన అమ్మమ్మలకు తెలిసినవే: మంట మించినచో పాకము చెడును, పులుపు, ఉప్పు చెడును ఆపును, సున్నము రసమును తేర్చును. పిల్లవాడు శాస్త్రమును పరభాషలో చదివినను, దాని మూలమును తల్లిభాషలో ఇంట విన్నచో మరువడు. రేపు చెరకురసపు బండి వద్ద ఆ ప్రశ్న మరల వచ్చినప్పుడు "లేదు, పారవేయుదురు" అనకుడు. "చక్కెర ఉన్నది నాయనా, తీయుటయే కష్టము. తొందరపడి తీసినచో అదే విషమగును. తొందరపడక తీయు దారిని ఇంకను వెదకుచున్నారు" అని చెప్పుడు. ఆ వెదకువారిలో రేపు మన బడిపిల్లలు కొందరుండవచ్చును.